చివరి రెండు పేజీలు

పోయిన వారం అక్షరాలమ్మను మనం ప్రెస్సు మెట్ల మీద వదిలేశాం. ఆమె చేతిలో ఒక అట్టసంచి, అందులో మందపాటి కాగితం మీద గీసిన రెండు పేజీల బొమ్మలు. వాటిలో మాటల బుడగలన్నీ ఖాళీ. సోమవారం పొద్దుటికల్లా నింపి ఇమ్మన్నాడు చిన్న యజమాని. ఆమె ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. సంచి చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఇవాళే మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. ‘ఇనుపరెక్క’ అనే బొమ్మల కథ నెలకో సంచిక చొప్పున పందొమ్మిదేళ్లు నడిచింది. పగలంతా లిఫ్టులు బాగుచేసుకునే ఒక మామూలు మనిషి, ఊరికి ఆపద వచ్చిందంటే ఇనుప రెక్కలు తగిలించుకుని ఎగిరి వెళ్లి ఆదుకుంటాడు. ఆ కథ రాసింది అక్షరాలమ్మ సొంత అన్నయ్య. బొమ్మలు గీసింది బొమ్మల మావయ్య. బుడగల్లో మాటలన్నీ సన్నపాళీతో చేత్తో రాసింది ఆమె. ఒత్తులు కింది వరుస నెత్తిన పడకుండా, బుడగ గీత దాటకుండా, పందొమ్మిదేళ్ల పాటు. ప్రెస్సులో ఎవరైనా ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే ఆమే పలకదు.

రెండు నెలల కిందట ఆఖరి సంచిక వచ్చింది. జన్మశత్రువు పొగరాజు గోపురం మీంచి జారిపడుతుంటే ఇనుపరెక్క దూకి పట్టుకుంటాడు. ఆ బరువుకి రెక్కలు రెండూ విరిగిపోతాయి. చివరి పేజీలో, పొద్దు వాలే వేళ, వీపు ఖాళీగా ఇంటి మెట్లెక్కుతుంటాడు. పక్కింటావిడ అడుగుతుంది: “ఇవాళ ఇంత ఆలస్యమైందేం?” అతను అంటాడు: “నడిచి వచ్చాను.” అంతే, కథ అయిపోయింది.

ఆ రెండు ముక్కలే నిప్పు పెట్టాయి. ఉత్తరాలు సంచులకు సంచులు వచ్చిపడ్డాయి. మెచ్చుకున్నవాళ్లకంటే దుమ్మెత్తిపోసినవాళ్లే ఎక్కువ. పాత సంచికలన్నీ కలిపి వేయబోతున్న పెద్ద సంపుటంలో ముగింపు మార్చేద్దామని, ఇనుపరెక్కను మళ్లీ ఎగిరేలా చేద్దామని చిన్న యజమాని తీర్మానించాడు. బొమ్మల మావయ్య గీయనంటే వేరే ఎవరిచేతో గీయించాడు. ఆ రెండు పేజీలే ఇప్పుడు సంచిలో ఉన్నవి.

ఒక సంగతి ఉంది. అది మనకు తెలుసు, బొమ్మల మావయ్యకు తెలుసు, ఇంకెవరికీ తెలియదని అక్షరాలమ్మ నమ్మకం. అన్నయ్య రాసిచ్చిన కథ ముప్పయ్యో పేజీతో ఆగిపోయింది. ఆ రోజే ఆయన స్నానాల గదిలో కుప్పకూలాడు. పక్షవాతం కుడిచేతినీ మాటనీ ఒక్క దెబ్బకు తీసుకుపోయింది. ముప్పై ఒకటి, ముప్పై రెండు పేజీలు అక్షరాలమ్మ సొంతంగా రాసింది, అన్నయ్య పేరు కింద.

ఆదివారం మధ్యాహ్నం పాఠకుల సభ పెట్టారు. ప్రెస్సు రెండో అంతస్తులో కాగితం కట్టలు పేర్చే గదిని సగం ఖాళీ చేయించి కుర్చీలు వేశారు. అవి చాలక వెనకొచ్చినవాళ్లు కాగితం కట్టల మీదే సర్దుకుని కూర్చున్నారు. అక్షరాలమ్మ ఆఖరి వరసలో, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కన బొమ్మల మావయ్య.

“తెచ్చావా?” అన్నాడాయన సంచి వైపు చూస్తూ.

“తెచ్చాను.”

“నింపావా?”

“లేదు.”

“మరేం చేద్దామని?”

“ముందు విందాం మావయ్యా. ఇన్నేళ్లూ వాళ్లు మనల్ని చదివారు. ఒక్క పూట మనం కూర్చుని వాళ్లు చెప్పేది వినలేమా?”

మొదట లేచింది ఒక పళ్ల డాక్టరు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకున్న ఆఖరి సంచిక.

“నా కుర్చీలో కూర్చున్నవాళ్లు భయంతో నోరు బిగించుకుంటారండీ. వాళ్లచేత నోరు తెరిపించడానికి నేను చెప్పే మాట ఒకటే. ఇనుపరెక్క అయితే ఇలా వణికేవాడా అని. పెద్దవాళ్లు కూడా తెరిచేవారు. ఇప్పుడేం చెప్పమంటారు? ఇనుపరెక్క నడుచుకుంటూ ఇంటికెళ్లిపోయాడు, మీరూ లేచి వెళ్లిపోండి అని చెప్పనా?”

గదంతా గొల్లున నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు.

“నవ్వకండి. నాకు నిజంగానే కడుపు మండిపోతోంది. చంపేసినా ఒప్పుకునేవాణ్ణి. చావుకి ఒక మర్యాద ఉంది. ఈ నడకేమిటండీ?”

తర్వాత భార్యాభర్తలిద్దరు కలిసి లేచారు. మైకు ముందు భర్త అందుకున్నాడు. “ఈ ముగింపు వచ్చినప్పటి నుంచీ మా ఇంట్లో మాటల్లేవు.”

భార్య మైకు లాక్కుంది. “మాటలున్నాయి. ఈయన వినడం లేదు. చూడండీ, అతను ఎగిరినన్నాళ్లూ ఇంటికి ఎప్పుడొస్తావని అడిగిన మనిషే లేదు. ఆ పక్కింటావిడ ఒక్కతే అడిగింది. నాకు అక్కడ కళ్లు నిండిపోయాయి.”

“నాకు అక్కడే ఒళ్లు మండిపోయింది,” అన్నాడు భర్త పక్క నుంచి. “ఊరంతటినీ కాపాడి వస్తే ఆలస్యమైందేం అంటుందా?”

“మీరు ఆఫీసు నుంచి వస్తే నేనూ అదే అంటాను. మీరేమైనా ఊరిని కాపాడొస్తున్నారా?”

ఈసారి నవ్వు సద్దుమణగడానికి చాలాసేపు పట్టింది. అక్షరాలమ్మ కూడా నవ్వింది. రెండు నెలల తర్వాత మొదటిసారి నవ్వానని ఆమెకు తోచింది.

బస్సు డ్రైవరమ్మ ఒకావిడ డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. మైకు వద్దంది, గొంతు అలాగే వినబడుతుందని. “నేను రోజూ వందలమందిని దింపుతాను. దిగినవాళ్లెవరూ వెనక్కి తిరిగి చూడరు. వాళ్ల తప్పేం లేదు, పనులుంటాయి. బండి డిపోలో పెట్టేసి నేనూ నడిచే ఇంటికి పోతాను. ఆ ఆఖరి పేజీ చింపి నా సీటు పక్కన అతికించుకున్నాను. ఇప్పుడు అది తూచ్ అంటే నేను పీకి పారెయ్యాలా? అది చెప్పండి చాలు.” చెప్పాల్సింది చెప్పి కూర్చుంది.

అక్షరాలమ్మ నీళ్లసీసా కోసం చెయ్యి చాపుతుండగా ముందు వరసలోంచి ఒక ముసలాయన కర్ర ఊతంతో లేచాడు. బడిలో వ్యాకరణం చెప్పి రిటైరైన మాస్టారు. ప్రతి నెలా అచ్చుతప్పులు పట్టి కార్డు రాసే ఆయన చేతిరాత ఆమెకు బాగా తెలుసు. మనిషిని చూడటం ఇదే మొదలు.

“ముగింపు మంచిదా చెడ్డదా అన్నది నాకు చేతకాదు,” అన్నాడాయన. “నాకు తెలిసింది వాక్యం. ముప్పయ్యో పేజీ దాకా వాక్యాలు పొడుగ్గా పరిగెడతాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ. ముప్పై ఒకటి నుంచీ పొట్టివి, ఊపిరి అందక ఆగి ఆగి చెప్పినట్టు. నాలుగుసార్లు చదివాను. రాసిన మనిషి మారాడేమోనని అనుమానం. తప్పయితే క్షమించండి.”

సీసా ఆమె చేతిలోనే ఉండిపోయింది. బొమ్మల మావయ్య ఆమె వైపు చూడలేదు. తల దించుకుని తన బొటనవేలి గోటిలో ఇంకిపోయిన సిరా మరకను గీకుతూ కూర్చున్నాడు.

చిన్న యజమాని వేదిక మీద లేచి నిలబడ్డాడు. ముప్పై దాటలేదు. తండ్రి వెంట ప్రెస్సుకొచ్చి అక్షరాలమ్మ బల్ల కింద ఆడుకున్న పిల్లాడే. నలుగురిలో ఆమెను మీరు అంటాడు, ఇద్దరే ఉంటే అత్తా నువ్వు అంటాడు.

“మాస్టారి అనుమానం సంగతి తర్వాత చూద్దాం. కథ రాసినవాళ్లదే కాదు, చదివినవాళ్లది కూడా. ఇన్ని ఉత్తరాలు వచ్చాక చెవిన పెట్టకపోతే ఎలా? సంపుటంలో చివరి రెండు పేజీలు కొత్తవి వేస్తున్నాం. ఇనుపరెక్క మళ్లీ ఎగురుతాడు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి.”

చేతులు లేచాయి. ముందు పళ్ల డాక్టరుది, తర్వాత చుట్టూ ఉన్నవాళ్లవి. సగానికి పైనే. వాళ్ల మొహాల్లో కోపం లేకపోవడం అక్షరాలమ్మను తాకింది. ఇంటి మనిషి తిరిగొస్తాడంటే పెద్దవాళ్ల కళ్లలో వచ్చే వెలుగు అది. ఆ వెలుగుకు అడ్డం నిలబడటం తేలిక కాదు. అయినా ఆమె అప్పటికే లేచి నిలబడింది.

“అమ్మాయ్,” అన్నాడు బొమ్మల మావయ్య సన్నగా. “ఒకసారి నోరు జారిందంటే మళ్లీ తీసుకోలేవు.”

“జారడం లేదు మావయ్యా. తెలిసే చెప్తున్నాను.”

సంచి చంకన పెట్టుకుని కుర్చీల మధ్య సందులోంచి నడిచి వేదిక ముందుకొచ్చింది. మైకు ఎత్తు సరిచేయడానికి ఎవరో వచ్చారు. ఆమె వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

“బుడగల్లో అక్షరాలు రాసేది నేనేనండీ. మాస్టారి అనుమానం నిజం. ముప్పై ఒకటి, ముప్పై రెండు పేజీలు మా అన్నయ్య రాయలేదు. నేను రాశాను.”

చిన్న యజమాని మైకు దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

“అన్నయ్యకు ఒంట్లో బాగాలేదని మాత్రమే మీకు తెలుసు. ఆయనకు కుడివైపు పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది, మాకే అర్థం కాదు. సంచిక అచ్చుకు వెళ్లడానికి మూడు రోజులుంది, కథకు చివర లేదు. ఆ పూట ఆసుపత్రిలో ఆయన్ని మొదటిసారి లేపి నిలబెట్టారు. మంచం దగ్గర్నుంచి కిటికీ దాకా, నాలుగడుగులు. ఇద్దరు పట్టుకున్నారు. కిటికీ చేరాక ఆయన వెనక్కి తిరిగి నా మొహంలోకి చూశాడు, ఏదో పెద్ద కొండ దిగొచ్చినట్టు. నేను ఇంటికెళ్లి బల్ల ముందు కూర్చున్నాను. నడిచి వచ్చాను అన్నదే నా చేతికి వచ్చింది. వేరేది రాలేదు.”

పళ్ల డాక్టరు పైకెత్తిన చెయ్యి దించి ఒళ్లో పెట్టుకున్నాడు.

చిన్న యజమాని తేరుకున్నాడు. మొహం మాడిపోయింది గానీ తెలివి మాడలేదు. మైకు దగ్గరికి జరిగాడు. “అంటే ఇది ఆయన ముగింపు కాదన్నమాట. మరి దీన్ని మార్చడం తప్పెలా అవుతుంది? ఎవరి మాటను కాపాడమంటారు మీరు?”

అక్షరాలమ్మ ఊహించని దెబ్బ అది. తను బయటపెట్టిన నిజమే అతనికి పట్టు దొరికేలా చేసింది. ఆమె సంచి తెరిచి ఆ రెండు పేజీలు తీసి, ఖాళీ బుడగలు అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకుంది.

“ఆయన మాట కాదు బాబూ, ఆయన పేరు. నేను ఒకసారి ఆయన పేరు కింద నా మాట రాశాను. అది తప్పు. అవసరానికి చేశానని చెప్పుకుంటే తప్పు కాకుండా పోదు. ఇప్పుడు ఆయన పేరు కిందే ఇంకొకరి మాట నాచేత రాయించాలని చూస్తున్నావు. ఒక అబద్ధానికి ఇప్పటికే రెండు నెలలుగా నిద్ర లేదు నాకు. రెండోదానికి చెయ్యి ఇవ్వను. వేరేవాళ్లచేత రాయించుకుంటావేమో, నీ ఇష్టం. నా చేత్తో మాత్రం ఈ బుడగలు నిండవు.”

నలుగురిలో అతన్ని నువ్వు అన్నానని ఆమెకు తర్వాత గానీ తట్టలేదు.

“మరేం చెయ్యమంటారు?” అన్నాడతను.

“ఉన్న ముగింపే వెయ్యండి. చివరి రెండు పేజీలు ఎవరు రాశారో కింద నా పేరుతో వెయ్యండి. వెనకాల ఈ ఉత్తరాలు వెయ్యండి. పొగిడినవీ, తిట్టినవీ, అన్నీ.”

“నాది కూడానా?” పళ్ల డాక్టరు కూర్చున్నచోటు నుంచే అడిగాడు. “నాది నాలుగు పేజీలుంది. మర్యాదగా కూడా లేదు.”

“మొదట మీదే. ఒక్క ముక్క కొట్టెయ్యను.”

ఆయన లేచి నిలబడ్డాడు. “నాకు ఆ ముగింపు ఇప్పటికీ నచ్చలేదమ్మా. అది చెప్పే వెళ్తాను. కానీ తిట్టాల్సిన మనిషి ఎదురుగా నిలబడి పేరు చెప్పుకుంటే, పేజీ మార్చమని అడిగే మొహం నాకు లేదు. నా చెయ్యి లెక్కలోంచి తీసెయ్యండి.”

డ్రైవరమ్మ చప్పట్లు మొదలుపెట్టింది. అందరూ కలవలేదు. ఒక మూల నలుగురైదుగురు విసురుగా లేచి వెళ్లిపోయారు కూడా. కానీ గది ఇటు ఒరిగిందని చిన్న యజమానికి అర్థమైంది. అతను వేదిక దిగి ఆమె దగ్గరికొచ్చాడు. మైకుకు దూరంగా, లోగొంతుతో మాట్లాడాడు.

“అత్తా, నీ మాటే కానీ. నాదొక్కటే షరతు. పెదనాన్నకి చూపించు నువ్వు రాసిన ఆ పేజీలు. ఆయన సరేనని తలూపితే రేపు పొద్దున నువ్వు చెప్పినట్టే అచ్చుకి పంపిస్తాను.”

అన్నయ్యను అతను చిన్నప్పటి నుంచీ పెదనాన్న అంటాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని చూపులో ఓడిన మనిషి ఉక్రోషం లేదు. ఆమె మీద జాలిలాంటిది ఉంది. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

అర్థం కాకపోయినా షరతు గుండెలో గుచ్చుకుంది. ఎందుకంటే ఆఖరి సంచికను ఆమె ఇంతవరకూ అన్నయ్య కంట పడనివ్వలేదు. ఆయన అడగలేడు. తను చెప్పలేదు. బట్టల బీరువాలో దుప్పట్ల కింద పెట్టి తాళం వేసింది.

“ఇవాళే చూపిస్తాను,” అంది.

ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. ముందుగదిలో అన్నయ్య కిటికీ పక్క చేతుల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన్ని చూసుకునే నర్సమ్మ ఆయన కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే సాగదీస్తోంది. అక్షరాలమ్మ చెప్పులు విప్పి, కాళ్లు కూడా కడుక్కోకుండా లోపలికెళ్లి, బీరువా తెరిచి సంచిక తీసుకొచ్చింది. ఇంక ఒక్క నిమిషం ఆగినా ధైర్యం సన్నగిల్లుతుందని ఆమెకు తెలుసు.

“అన్నయ్యా, నీకొకటి చూపించాలి. చూశాక తిట్టాలనుకుంటే కళ్లతోనే తిట్టు, నాకు తెలుస్తుంది.”

సంచిక ఆయన ఒళ్లో పెట్టి చివరి పేజీలు తిప్పింది. ఆయన కళ్లు దించలేదు. ఆమె మొహాన్నే చూస్తున్నాడు. నర్సమ్మ చేస్తున్న పని ఆపేసింది.

“అమ్మగారూ, అది ఆయన చదివేశారు.”

“ఎప్పుడు?”

“వచ్చిన వారమే. మా చెల్లెలు కొనే పుస్తకమే అది. మీరు పనికెళ్లినప్పుడు నేనే తెచ్చి చదివించాను. మీకు తెలుసనుకున్నాను.” ఆవిడ అటూ ఇటూ చూసి చీర కొంగు సర్దుకుంది. “చదివాక ఆయన ఎడంచేత్తో రాయడం నేర్పమని సైగ చేశారు. రోజూ పట్టుబట్టి నేర్చుకున్నారు. రెండు వారాలకి ఒక ఉత్తరం రాశారు. ప్రెస్సులో చిన్నయ్యగారికి ఇమ్మని, మీ కంట పడకూడదని సైగలతోనే చెప్పారు. నేనే ఇచ్చొచ్చాను.”

అక్షరాలమ్మ సంచిక మూసేసింది. “ఏముంది అందులో?”

నర్సమ్మ ఆయన వైపు చూసింది. ఆయన మెల్లగా కళ్లు మూసి తెరిచాడు. ఆవిడ మందుల పెట్టె అడుగు నుంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. ఉత్తరానికి ముందు రాసుకున్న చిత్తు. వంకరటింకరగా, ఒక్కో అక్షరం ఒక్కో వైపు పడిపోతూ, గీతలు దాటుకుంటూ ఒకే ఒక్క వాక్యం ఉంది.

చివరి రెండు పేజీలు మార్పించు.

రెండుసార్లు చదివింది. మూడోసారి చదవలేదు. ఆ పేజీలు మార్చాలన్న ఆలోచన పాఠకులది కాదు, చిన్న యజమానిది కాదు. ఇంతమంది ముందు తను ఎవరి పేరు కోసం నిలబడిందో ఆ మనిషే ఆ పని చేయమన్నాడు. ఆ సంగతి ఆమెకు తెలియనివ్వకూడదని తన బల్ల కింద ఆడుకున్న ఆ కుర్రాడు సభ పెట్టి, నింద తన నెత్తిన వేసుకున్నాడు. ఇందాకటి జాలి ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది గానీ దాన్ని అక్కడే నొక్కి పెట్టింది. బల్ల దగ్గరికెళ్లి అట్ట ఒకటి, కాగితం ఒకటి, లావుపాళీ ఒకటి, సిరాబుడ్డి ఒకటి తెచ్చింది. కుర్చీ లాక్కుని అన్నయ్యకు ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంది. అట్ట తన చేతుల్లో కదలకుండా పట్టుకుని పాళీ సిరాలో ముంచి ఆయన ఎడంచేతి వేళ్ల మధ్య పెట్టింది.

“మార్చడమా మానడమా తర్వాత సంగతి. నేను సభలో ఇచ్చిన మాట వెనక్కి తీసుకోను, నీ మాటనూ కాదనను. కానీ ఎందుకో నాకు తెలియాలి. ఎంతసేపు పట్టినా సరే, రాయి అన్నయ్యా.”

ఆయన పాళీని వేళ్ల మధ్య సర్దుకుని కాగితానికి ఆనించాడు. తర్వాత పాళీ మెల్లగా కదిలింది. ఎదురుగా కూర్చున్న ఆమెకు అక్షరాలు తలకిందులుగా కనబడుతున్నాయి. అయినా పోల్చుకోగలిగింది.

మొదటి మాట పూర్తయింది. ‘నాకు’.

పాళీ ఆగింది. ఆయన ఊపిరి తీసుకుని మళ్లీ ఆనించాడు. రెండో మాట ఇంకా మెల్లగా వచ్చింది. ‘తెలిసిన’.

మూడోది ఆగకుండా రాశాడు. ‘పక్కింటావిడ’.

అక్షరాలమ్మ తల ఎత్తింది. మందుల పెట్టె మూత వేస్తున్న నర్సమ్మ చేతులు ఆగిపోయాయి. చివరి పేజీలోని ఆ పక్కింటావిడను తను ఊహించి రాశాననుకుంది ఇన్నాళ్లూ.

“ఎవరు అన్నయ్యా ఆవిడ?”

ఆయన పాళీని సిరాలో ముంచమన్నట్టు ఆమె వైపు చాపాడు. ఆ జవాబు వచ్చే వారం చదువుదాం.